డెల్టా ఉప్పునీటి ప్రాజెక్టు డైరీ: గ్రాఫులన్నీ ఒక దారికి

జూన్ మొదట్లో

డేటా అంతా ఒక చోటికి చేరింది. గోదావరి డెల్టాలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల వెంట బావుల్లో, బోర్లలో కొలిచిన ఈసీ, అంటే నీటి విద్యుత్ వాహకత (ఉప్పు ఎక్కువైతే ఇది పెరుగుతుంది), ఒక ఫైలులో ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి సముద్రంలోకి రోజూ వదిలిన నీటి లెక్క ఇంకో ఫైలులో ఉంది. వేసవిలో కాలువలు కట్టేశాక, పాయల్లోకి పైనుంచి నీరు దిగనప్పుడు, ఉప్పు ఎంత దూరం ఎగువకు పాకుతుందో చూపించాలి. ఇది రెండు చోట్లకు వెళ్లాలి. ఒకటి ఇంగ్లిష్ జర్నల్ పేపరు. రెండోది, శాంపిళ్లు తీసుకోనిచ్చిన ఊళ్లలో రైతుల మీటింగులకు తెలుగు ఫ్లెక్సీ.

ప్రాజెక్టులో ముగ్గురి నోట్‌బుక్‌లనూ (పైథాన్ కోడ్, దాని ఫలితం ఒకే చోట ఉండే ఫైళ్లు) పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ప్రాజెక్టులా లేవు. ఒకరిది సీబార్న్ అనే గ్రాఫుల లైబ్రరీ, బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్, తెల్ల గళ్లు. ఒకరిది పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఎలా ఇస్తే అలాగే. మూడోది పట్టికల లైబ్రరీ పాండాస్ నుంచి నేరుగా గీసింది. అక్షరాల సైజులు తలా ఒకటి. అంతవరకూ అందం సంగతి, సర్దుకోవచ్చు. కానీ ఒక గ్రాఫులో గౌతమి నీలం, తర్వాతి దాంట్లో నారింజ. సీఎస్‌వీ అనే పట్టిక ఫైలులో కాలమ్‌లు ఏ వరసలో ఉంటే ఆ వరసలో రంగులు పంచేయడం మ్యాట్‌ప్లాట్‌లిబ్ అలవాటు. కాలమ్‌లు అటూ ఇటూ అయితే నది రంగు మారిపోతుంది. రెండో బొమ్మ చూసి మూడో బొమ్మకు వచ్చిన పాఠకుడు వశిష్ఠ గీతను గౌతమి అనుకుని చదువుతాడు. పేపరు చెప్పే విషయమే తలకిందులవుతుంది.

గైడ్ గారికి చూపిస్తే రంగుల సంగతి ఆవిడ ఎత్తలేదు. "ముందు కాగితం మీద ఇది ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందో చెప్పు. తక్కినవన్నీ తర్వాత చూద్దాం" అన్నారు.

అదే వారం

చాలా జర్నళ్లలో పేజీకి రెండు కాలమ్‌లు. ఎల్సెవియర్ పత్రికలకు ఒక కాలమ్ వెడల్పు 90 మిల్లీమీటర్లు, పేజీ మొత్తం 190. నేచర్‌కు 89, 183. మేం 90, 190 పెట్టుకున్నాం. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఇంచుల్లో అడుగుతుంది కాబట్టి 90 అంటే 3.54 ఇంచులు.

నోట్‌బుక్‌లో బాగా కనపడాలని చాలామంది ఫిగ్‌సైజ్, అంటే బొమ్మ సైజు, 12 ఇంచులు పెడతారు. మా పాత నోట్‌బుక్‌లన్నీ ఆ బాపతే. అక్షరం 10 పాయింట్లు, తెరమీద నిండుగా ఉంటుంది. అదే బొమ్మను 3.54 ఇంచుల కాలమ్‌లో కూర్చోబెట్టాలంటే మూడో వంతుకన్నా తక్కువకు కుదించాలి. 10 పాయింట్ల అక్షరం 3 పాయింట్లకు దిగుతుంది. ఇంకొకరు అదే గ్రాఫును 8 ఇంచుల్లో గీసి ఉంటే వాళ్ల అక్షరం నాలుగున్నర పాయింట్లకు దిగుతుంది. కోడ్‌లో ఇద్దరూ 10 అనే రాశారు, అచ్చులో మాత్రం రెండూ వేరు. బొమ్మలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి అసలు కారణం స్టైలు కాదు, ఈ కుదింపే.

అందుకని మొదటి నియమం: కాగితం మీద ఎంత ఉండాలో అంతే సైజులో గీయాలి. ఆ తర్వాత ఎక్కడా సాగదీయకూడదు, కుదించకూడదు. అప్పుడు 8 పాయింట్లు అంటే ఎక్కడైనా 8 పాయింట్లే. గీత మందం 1 పాయింటు అంటే ఇంచులో 72వ వంతు, దాంట్లో తేడా రాదు.

3.54 ఇంచుల బొమ్మ నోట్‌బుక్‌లో తపాలా బిళ్లంత కనిపిస్తోందని మా జూనియర్ గొణిగాడు. నిజమే, 100 డీపీఐ (ఇంచుకు ఇన్ని చుక్కలు) దగ్గర 354 పిక్సెళ్లే. దానికి మందు ఫిగ్‌సైజ్ పెంచడం కాదు, తెర డీపీఐ పెంచడం. ఫిగర్ డీపీఐ 200 పెట్టాం. ఇంచులు అవే, అక్షరాల నిష్పత్తి అదే, తెరమీద మాత్రం రెట్టింపు. ఫైలులో సేవ్ అయ్యే డీపీఐ వేరే సెట్టింగు, దాన్ని 600 దగ్గర ఉంచాం.

సోమవారం

సైజు కచ్చితంగా ఇచ్చినా సేవ్ అయిన పీడీఎఫ్‌లు కొలిస్తే ఒకటి 87 మిల్లీమీటర్లు, ఇంకోటి 93. కారణం 'టైట్' అనే సెట్టింగు. చుట్టూ ఉన్న ఖాళీని కోసేసి, బయటికి పొడుచుకొచ్చిన అక్షరాలను లోపలికి కలుపుకుంటుంది. నెట్‌లో దొరికే ప్రతి కోడ్ ముక్కలోనూ ఇది ఉంటుంది. ఒక్క బొమ్మకైతే సుఖమే. పది బొమ్మలు ఒకే వెడల్పులో ఉండాలంటే మాత్రం ఇదే శత్రువు. వై అక్షం మీద "50" ఉన్న బొమ్మకూ "48,000" ఉన్న బొమ్మకూ కోత వేరుగా పడుతుంది. జర్నల్ వాళ్లు రెండింటినీ 90కి సరిచేస్తే అక్షరాలు మళ్లీ తేడా.

టైట్ తీసేసి కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ ఆన్ చేశాం. ఇది కాగితం సైజు ముట్టుకోదు, లోపలి గ్రాఫునే సర్దుతుంది. పక్కన రంగుల కొలబద్ద, అంటే కలర్‌బార్, ఉన్న బొమ్మల్ని కూడా బాగా సర్దుతుంది.

ఇంకో మెలిక ఉంది. జూపిటర్ నోట్‌బుక్ తెరమీద చూపించే బొమ్మకు తనంతట తనే టైట్ కోత పెడుతుంది. సేవ్ చేసేటప్పుడు మనం వాడకపోయినా సరే. కాబట్టి నోట్‌బుక్‌లో కనిపించేదీ ఫైలులో ఉండేదీ ఒకటి కావు. నోట్‌బుక్‌లో బొమ్మ చూపించే ఇన్‌లైన్ బ్యాకెండ్‌కు ప్రింట్ ఫిగర్ ఆర్గ్యుమెంట్లలో 'బీబాక్స్ ఇంచెస్'ను 'నన్' అని చెప్తే ఆ కోత ఆగుతుంది. అది పెట్టాక, చివరి అక్షరం అంచు దాటిపోతుంటే తెరమీదే కనిపిస్తోంది. రివ్యూకు పంపాక తెలియడం కన్నా ఇది నయం.

మర్నాడు

గ్రాఫుల సెట్టింగులన్నీ ఉండే స్టైల్ ఫైలు రాశాం. ప్రాజెక్టు ఫోల్డర్లో ఒకటే టెక్స్ట్ ఫైలు, చివర ఎంపీఎల్‌స్టైల్ అనే ఎక్స్‌టెన్షన్. అక్షరం 8, అక్షాల అంకెలు 7, గీతలు 1 పాయింటు, అక్షాల గీతలు 0.6. పైనా కుడివైపూ చట్రం లేదు. ఏ గీత ఏదో చెప్పే లెజెండ్‌కు పెట్టె లేదు. పీడీఎఫ్‌లో ఫాంట్ టైపు 42. మామూలుగా ఉండే టైపు 3ను కొన్ని జర్నళ్ల అప్‌లోడ్ సిస్టమ్‌లు ఒప్పుకోవు. 42 పెడితే ట్రూటైప్ ఫాంటుగా వెళ్తుంది, తర్వాత బొమ్మలు దిద్దే ఇంక్‌స్కేప్‌లో తెరిచినా అక్షరాలు అక్షరాలుగానే దొరుకుతాయి.

ఆ ఫైలులో డబుల్ కోట్స్ లేకుండా రంగు కోడ్‌ల ముందు హ్యాష్ గుర్తు పెట్టకూడదు. అక్కడ హ్యాష్ అంటే కామెంట్, ఆ తర్వాతదంతా మింగేస్తుంది. రంగులు నల్లగానో డీఫాల్ట్‌గానో వస్తున్నాయని గంటలు పోగొట్టుకునేవాళ్లకు ఇది మొదట చూడాల్సిన చోటు.

స్టైల్ ఫైలు ఒక్కటీ చాలదు. నది పేరుకూ రంగుకూ ముడి దాంట్లో వేయలేం. అందుకని పక్కనే చిన్న పైథాన్ ఫైలు. దాంట్లో ఒక డిక్షనరీ (పేరుకు విలువను జతచేసే జాబితా): గౌతమి నీలం, వైనతేయ ఆకుపచ్చ, వశిష్ఠ సిందూరం. రెండు ఫంక్షన్లు: ఒకటి "ఒక కాలమ్" లేదా "రెండు కాలమ్‌లు" అంటే ఆ సైజు కాగితం ఇస్తుంది, రెండోది సేవ్ చేస్తుంది. నోట్‌బుక్‌లలో ఎక్కడా ఫిగ్‌సైజ్ అనే మాట, రంగు పేరు కనపడకూడదని ఒప్పందం. కనపడితే ఆ సెల్, అంటే నోట్‌బుక్‌లో ఆ కోడ్ ముక్క, రాసినవాళ్లు టీ ఇప్పించాలి.

జూనియర్ సరదాకు ఫంక్షన్ పేర్లు తెలుగులో పెట్టాడు. పైథాన్ 3 ఒప్పుకుంటుంది, గుణింతాలూ ఒత్తులూ కూడా చెల్లుతాయి. ఒక పేరు మాత్రం సింటాక్స్ ఎర్రర్ ఇచ్చింది. పొల్లు విడిగా కనపడ్డానికి కీబోర్డు దాంట్లో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూర్చింది, పేర్లలో దానికి చోటు లేదు. ఆ తర్వాత పేర్లు ఇంగ్లిష్‌కు మార్చేశాం. ఎర్రర్ వల్ల కాదు, జర్నల్‌కు కోడ్ కూడా ఇవ్వాలి కాబట్టి.

స్టైలును సెల్ మొదట్లో ఒకసారి పిలిచి వదిలేస్తే, కోడ్‌ను వెనక నుంచి నడిపే కెర్నల్ బతికున్నంతసేపూ ఉంటుంది. మధ్యలో ఎవరైనా సీబార్న్ సెట్ థీమ్ పిలిచారా, సగం సెట్టింగులు మారిపోతాయి. పైనుంచి కిందికి నడిపితే ఒక బొమ్మ, మధ్యలోంచి నడిపితే ఇంకో బొమ్మ. 'విత్' కింద స్టైల్ కాంటెక్స్ట్ వాడితే ఆ బ్లాకు వరకే పనిచేసి, ఆ తర్వాత పాత సెట్టింగులు తిరిగొస్తాయి. కానీ సేవ్ కూడా ఆ బ్లాకు లోపలే చేయాలి. ఫాంట్ టైపు, సేవ్ డీపీఐ లాంటివి గీసేటప్పుడు కాదు, ఫైలు రాసేటప్పుడు చదువుతుంది. బయట సేవ్ చేస్తే చూడ్డానికి అంతా బాగానే ఉండి, లోపల టైపు 3 ఉంటుంది.

జూలై, వరద మొదలయ్యాక

వరద గ్రాఫు అనుకున్నదానికన్నా మొండిది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు. అదే బ్యారేజీ నుంచి ఎండాకాలంలో వారాల తరబడి సముద్రంలోకి పోయేది సున్నా. మాకు కావలసింది ఆ సున్నా రోజులే, ఉప్పు పాకేది అప్పుడే కదా. మామూలు స్కేలులో గీస్తే ఆగస్టు కొండలా లేస్తుంది, మార్చి నుంచి మే దాకా నేలకు అంటుకుపోతుంది. లాగ్ స్కేలు (ఒక్కో మెట్టూ పది రెట్లు) పెడదామంటే సున్నాకు లాగ్ లేదు, ఆ రోజులన్నీ గ్రాఫులోంచి మాయమవుతాయి. చూసేవాళ్లు అక్కడ డేటా లేదనుకుంటారు. సిమ్‌లాగ్ అని ఉంది, సున్నా దగ్గర మామూలుగా, పైన లాగ్‌గా నడుస్తుంది. పెట్టి చూశాం. సున్నా కనిపించింది గానీ, ఎక్కడ ఒక స్కేలు ఆగి ఇంకోటి మొదలైందో చెప్పడానికి కింద ఒక పేరా రాయాలి. నాకు నచ్చలేదు.

చివరికి ఒకే తేదీల అక్షం మీద రెండు అంతస్తులు వేశాం. పైది చిన్నది, మొత్తం ప్రవాహం, హెచ్చరిక గీతలతో. కిందిది రెట్టింపు ఎత్తు, ఈసీ. సున్నా రోజులకు రెండు అంతస్తుల్లోనూ లేత బూడిద పట్టీ. ఆ పట్టీ మొదలైన కొన్నాళ్లకు కింద గీతలు లేవడం కంటికి నేరుగా తెలుస్తుంది. తేదీలకు కన్‌సైజ్ డేట్ ఫార్మాటర్ వాడాం, ప్రతి గుర్తు కిందా సంవత్సరం మళ్లీ మళ్లీ రాయదు. 90 మిల్లీమీటర్లలో అది పెద్ద ఆదా.

యూనిట్ల సంగతి. జర్నల్‌కు సెకనుకు ఘనపు మీటర్లు. 10 లక్షల క్యూసెక్కులంటే సుమారు 28,300. ఆ అంకె చూస్తే గోదావరి జిల్లాల్లో ఎవరికీ ఏ వరదా గుర్తురాదు. సెకండరీ అక్షం పెట్టి, అటు మార్చే ఫంక్షనూ ఇటు మార్చే ఫంక్షనూ రెండూ ఇస్తే ఎడమవైపు ఘనపు మీటర్లు, కుడివైపు లక్షల క్యూసెక్కులు వచ్చాయి. జూమ్ చేసినా రెండూ కలిసే కదులుతాయి. ట్విన్ అక్షంతో చేస్తే ఆ హామీ లేదు, రెండు స్కేళ్లూ వేటికవే జరుగుతాయి. ఇంకోటి, మ్యాట్‌ప్లాట్‌లిబ్ పెద్ద అంకెలు రాకుండా అక్షం పైన మూలన "1ఈ6" (అంటే పది లక్షల రెట్లు) అని చిన్నగా వేస్తుంది. అది ఎవరూ చూడరు. ఫార్మాటర్‌తో లక్షల్లోకి మార్చి, యూనిట్ అక్షం పేరులోనే రాశాం. డేటా కాలమ్‌ను ముట్టుకోలేదు.

ఈసీ అక్షానికి లాగ్ స్కేలే సరి. మంచి బావిలో మీటరుకు ఒక డెసీసీమెన్ కన్నా తక్కువ, సముద్రపు నీటిలో సుమారు 50. లాగ్ పెట్టగానే అంకెలు పది ఘాతాల్లో వస్తాయి. వాటి బదులు 0.5, 1, 2, 5, 10, 50 అని మేమే గుర్తులు పెట్టాం.

వరికి 3 డెసీసీమెన్స్ దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందని పుస్తకాల్లో ఉంది కదా, ఆ గీత కూడా వేద్దామని జూనియర్ అన్నాడు. గైడ్ గారు ఒప్పుకోలేదు. ఆ 3 అనేది తడిపిన మట్టి నుంచి తీసిన ద్రావణానికి, బావి నీటికి కాదు. గ్రాఫు మీద అడ్డగీత వేయడం ఒక్క లైను కోడ్ పని. చూసేవాళ్లకు మాత్రం అది తీర్పులా కనిపిస్తుంది.

జిరాక్స్ పరీక్ష

అమలాపురంలో మా రిపోర్టులు బైండింగ్ చేసే చోట రంగు ప్రింటు ఖరీదు. ఆఫీసుల్లో ఎలాగూ నలుపు తెలుపు జిరాక్స్ చేసుకునే తిప్పుతారు. అందుకని ప్రతి బొమ్మనూ ఒకసారి జిరాక్స్ తీయించి చూడడం నియమంగా పెట్టుకున్నాం.

మా మూడు రంగులూ జపాన్‌కు చెందిన ఒకాబే, ఇటో సూచించిన రంగుల వరసలోవి. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు కూడా విడివిడిగా కనిపించేలా ఎంచినవి. ఆ పనికి అవి గట్టివే. జిరాక్స్‌లో మాత్రం సిందూరం, ఆకుపచ్చ దాదాపు ఒకే బూడిద రంగు అవుతాయి. లెక్క వేస్తే కూడా అంతే, రెండింటి వెలుగూ దగ్గర దగ్గర. కాబట్టి రంగుతో పాటు గీత తీరు కూడా నదికి కట్టేశాం: గౌతమి నిండు గీత, వైనతేయ చుక్కలు, వశిష్ఠ తెగిన గీత. డిక్షనరీలో రంగు పక్కనే గీత తీరు ఉంటుంది కాబట్టి నోట్‌బుక్‌లలో ఏదీ మార్చనక్కర్లేకపోయింది. లెజెండ్ తీసేసి, గీత చివర నది పేరు అదే రంగులో రాశాం. కన్ను మూలకూ గీతకూ తిరగక్కర్లేదు.

విలువలను రంగుల గళ్లుగా చూపే, నెలలూ బావులూ కలిపిన హీట్‌మ్యాప్‌కు పాత నోట్‌బుక్‌లో జెట్ రంగులు ఉన్నాయి. పసుపు దగ్గర లేని అంచు ఒకటి ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 నుంచి డీఫాల్ట్‌గా ఉన్న విరిడిస్‌కు మార్చాం. జిరాక్స్‌లో కూడా నలుపు నుంచి తెలుపుకు వరసగా వెళ్తుంది. మూడు పాయల హీట్‌మ్యాపులకూ కనిష్ఠం, గరిష్ఠం ఒకటే ఇచ్చాం. లేకపోతే ప్రతి ప్యానెల్ తన డేటాకు తగ్గట్టు రంగులు సాగదీసుకుంటుంది, ఉప్పు లేని పాయ కూడా పసుపు పచ్చగా మెరుస్తుంది.

ఫ్లెక్సీ

తెలుగు బొమ్మల దగ్గర పని ఆగిపోయింది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ డీఫాల్ట్ ఫాంటు డెజావు సాన్స్‌లో తెలుగు లేదు, పెట్టెలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు ఫైలును ప్రాజెక్టు ఫోల్డర్లోనే పెట్టి, ఫాంట్ మేనేజర్‌కు చేర్చాం. ల్యాబ్ కంప్యూటరులో ఒక ఫాంటు, ఇంట్లో ఇంకోటి అనే గొడవ కూడా దాంతో పోయింది. కానీ అక్షరాలు వచ్చినా పదాలు రాలేదు. మా దగ్గరున్న వెర్షన్ ఒక్కో అక్షరాన్నీ విడిగా పేరుస్తుంది, ఒత్తులు కట్టడం దానికి రాదు. "ధవళేశ్వరం"లో వ ఒత్తు కిందికి దిగకుండా, శ్ పక్కన వ నిలబడింది. "వశిష్ఠ" సంగతి చెప్పక్కర్లేదు.

అచ్చు పేజీలు కూర్చే లాటెక్‌లో ఒక రకమైన జీలాటెక్ దారి ఉంది, పీజీఎఫ్ బ్యాకెండ్‌తో. ఫలితం బాగుంటుంది గానీ ప్రతి కంప్యూటరులోనూ లాటెక్ అంతా ఎక్కించాలి. మేం తేలిక దారి పట్టాం. ఎస్‌వీజీ అనే వెక్టారు బొమ్మ ఫైలుకు ఫాంట్ టైపును 'నన్' అని పెట్టి సేవ్ చేస్తే అక్షరాలు బొమ్మగా మారకుండా వట్టి టెక్స్ట్‌గా ఫైలులో ఉంటాయి. ఒత్తులు కట్టే పని ఆ ఫైలు తెరిచే ప్రోగ్రాముది. ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే తెలుగు చక్కగా వచ్చింది. అక్కడ టెక్స్ట్‌ను పాత్‌లుగా, అంటే వట్టి గీతలుగా మార్చి పీడీఎఫ్ తీశాం. ఈ పాత్‌ల మెట్టు తప్పనిసరి. ఫ్లెక్సీ షాపుల్లో తెలుగు అంటే అను ఫాంట్లు, కోరల్‌డ్రా. మన యూనికోడ్ ఫాంటు వాళ్ల సిస్టమ్‌లో ఉండదు.

ఫ్లెక్సీ కుర్రాడు పీడీఎఫ్ తెరిచి చూసి, "అక్షరాలు బానే వచ్చాయండి. మరీ ఖాళీగా ఉంది, వెనకాల గోదావరి ఫొటో పెట్టమంటారా మాస్టారూ?" అన్నాడు. వద్దన్నాం. సగం మనసుతో ఒప్పుకున్నాడు.

ఫ్లెక్సీకి వేరే స్టైల్ ఫైలు ఉంది, కానీ మొదటిదాన్ని కాపీ కొట్టలేదు. స్టైళ్లను జాబితాగా ఇస్తే తర్వాతది ముందుదాని మీద కూర్చుంటుంది. ఫ్లెక్సీ ఫైలులో ఉన్నవి పెద్ద అక్షరాలు, మందం గీతలు, తెలుగు ఫాంటు మాత్రమే. గ్రాఫు గీసే కోడ్ రెండింటికీ ఒకటే, పేర్లు మాత్రం భాషను బట్టి డిక్షనరీలోంచి వస్తాయి.

వశిష్ఠ గట్టున ఒక ఊళ్లో ముందుగా కాగితం మీద చూపించాం. "ఆయ్, మూడో హెచ్చరిక అంటే మాకు తెలుసండి. ఈ ఈసీ ఏంటో, అది చెప్పండి బాబూ" అన్నారు ఒక పెద్దాయన. అందుకే ఫ్లెక్సీ మీద అక్షానికి కుడివైపు మాటలు వేశాం. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు లేకపోతే 2000 దాకా. ఈసీలోకి మారిస్తే సుమారు 0.8, 3. మార్పిడి ఏ ఉప్పులు ఉన్నాయన్న దాన్ని బట్టి మారుతుంది కాబట్టి సన్న గీత కాకుండా వెడల్పు పట్టీలు వేసి, "సుమారు" అని రాశాం. అన్నిటికన్నా పైన "సముద్రం". పేపరు బొమ్మలో ఇవేవీ లేవు.

ఆగస్టు, సబ్మిట్ చేసే ముందు

అన్ని నోట్‌బుక్‌లనూ కెర్నల్ రీస్టార్ట్ చేసి మొదటి నుంచి నడిపించే ఒక కమాండు రాశాం. పేపరు బొమ్మలు ఒక ఫోల్డర్లోకి, ఫ్లెక్సీవి ఇంకో ఫోల్డర్లోకి పడతాయి. డేటా మారకపోయినా, ఫైళ్లలో మార్పులు నమోదు చేసే గిట్ ప్రతిసారీ పీడీఎఫ్‌లన్నీ మారాయని చెప్పేది. పీడీఎఫ్ లోపల తయారైన సమయం రాసి ఉంటుంది, అది మారుతోంది. సేవ్ ఫంక్షన్‌లో మెటాడేటా నుంచి ఆ తేదీ తీసేశాం. ఎస్‌వీజీకి తేదీతో పాటు, లోపలి గుర్తింపు పేర్లు ప్రతిసారీ మారకుండా హ్యాష్ సాల్ట్ కూడా స్థిరంగా ఇవ్వాలి. ఇప్పుడు గిట్ ఏదైనా బొమ్మ మారిందంటే నిజంగానే మారినట్టు.

మిగిలింది శాంపిల్ పాయింట్ల మ్యాపు. తీరం గీతలో లక్షల బిందువులు ఉండి పీడీఎఫ్ తెరవడానికే నిమిషం పడుతోంది. ఆ ఒక్క పొరను రాస్టరైజ్ చేసి, అంటే పిక్సెళ్ల బొమ్మగా మార్చి, అక్షరాలనూ గుర్తులనూ వెక్టారుగా, అంటే గీతలుగానే ఉంచాలి. యానాం, బోడసకుర్రు, అంతర్వేది పేర్లు ఒకదాని మీద ఒకటి పడకుండా చేత్తోనే జరపాలి. అది జూనియర్ తీసుకున్నాడు. సోమవారానికి ఇస్తానన్నాడు.